నవ్వు చివర ఈల

బస్టాండు మధ్యలో ఒక అద్దాల గది ఉంది. అందులో కూర్చుని మైకమ్మ పొద్దున్నుంచి సాయంత్రం దాకా బస్సుల రాకపోకలు చెబుతుంది. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఏది ఆలస్యమో, తప్పిపోయిన పిల్లాడి కోసం తల్లిదండ్రులు ఎక్కడికి రావాలో, అన్నీ ఆ గొంతే చెప్పాలి. ఆమె అసలు పేరు ఇంట్లోవాళ్ళకి కూడా చప్పున గుర్తుకు రాదు. మొగుడు డిపోలో టైర్లు మార్చేవాడు. నడుము పట్టేసి మంచాన పడ్డాక ఇల్లు ఆ మైకు మీదే నడుస్తోంది.

ఆ ఊళ్ళో నవ్వులు అంటుకుంటాయి. ఇద్దరు మనసారా కలిసి నవ్వితే ఒకరి నవ్వులో ముక్క రెండోవాళ్ళ నవ్వులోకి వచ్చి చేరుతుంది. జలుబు అంటుకోదూ, ఇదీ అంతే. మందుల షాపాయన నవ్వుతుంటే మధ్యలో చిన్ననాటి స్నేహితుడి దగ్గు వినిపిస్తుంది. కాపురం పాతబడ్డ మొగుడూ పెళ్ళాలకి ఏ నవ్వు ఎవరిదో తెలియకుండా పోతుంది. మైకమ్మ నవ్వులో మొదట గలగలమనేది చనిపోయిన వాళ్ళమ్మది. మధ్యలో ముక్కుతో లాగేది అత్తగారిది. చివర్లో సన్నగా ఈలలా లేచేది మాత్రం పొడుగాయనది.

పొడుగాయన ఎదుటి పార్టీ నాయకుడు. నిరుడు ఒకరోజు ఆమె కిటికీ దగ్గరికి వచ్చి ఏదో చెప్పాడు, ఇద్దరూ నవ్వుకున్నారు, అంతటితో సరి. ఆ తర్వాత ఆమె ఆయన్ని చూసిందీ లేదు, ఆయన పార్టీకి ఓటు వేసిందీ లేదు. ఈల మాత్రం ఉండిపోయింది. ఎన్నికలు వచ్చేదాకా దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

ఏలుతున్న పార్టీలో ఉరుము అని ఒకాయన ఉన్నాడు. గొంతు విప్పితే ముందు వరస కుర్చీలు కదులుతాయని ఆ పేరు. సభలో చెప్పడానికి కొత్తగా ఏమీ దొరక్క ఆయన తంటాలు పడుతున్న రోజున ఎవరో మైకమ్మ నవ్వు సంగతి చెవిన వేశారు. ఇంకేం, ఆ సాయంత్రమే అందుకున్నాడు.

"మన బస్టాండులో, మనం జీతమిస్తున్న కుర్చీలో, వాడి నవ్వు కూర్చుని ఉంది. ఆవిడ చెప్పిన బస్సులెక్కి మనం ఎక్కడికి పోతున్నట్టు?"

జనం చప్పట్లు కొట్టారు. వాళ్ళలో సగం మంది ఆమె చెప్పిన బస్సెక్కే సభకి వచ్చారు, అది వేరే సంగతి.

మర్నాటి నుంచి ఊరు జాగ్రత్తపడింది. మైకమ్మతో నవ్వినవాళ్ళెవరు, వాళ్ళతో నవ్వినవాళ్ళెవరు అని ఆరాలు మొదలయ్యాయి. పెళ్ళిళ్ళలో కూడా జనం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఎవరి నవ్వులో ఎవరున్నారో కనిపెట్టడానికి కార్యకర్తలు వీధి వీధికీ జోకులు చెబుతూ తిరిగారు. జోకులు బాగోలేవు కాబట్టి చాలామంది బతికిపోయారు. రోజూ మైకమ్మతో కలిసి అన్నం తినే టికెట్ల కౌంటరావిడ కుర్చీ అటు తిప్పుకుంది. ఉద్యోగం పోతుందన్న భయం కంటే ఆ తిప్పుకున్న వీపే మైకమ్మని ఎక్కువ బాధపెట్టింది.

బస్టాండు వ్యవహారాలు చూసే కమిటీకి పెద్ద ఉరుమే. కమిటీ ఆమెని పిలిపించింది. ముందురోజు కమిటీ గుమాస్తా ఇంటికొచ్చి, ఇదేమంత గొడవ కాదని నచ్చజెప్పాడు. కొన్ని నెలలు అసలు నవ్వకుండా ఉంటే అంటుకున్నవన్నీ రాలిపోతాయట, అలా ఉంటానని కమిటీ ముందు ఒప్పుకుంటే కుర్చీ ఆమెదేనట, లేదంటే మైకు ఇంకొకరికి అప్పజెబుతారట. మొగుడు ఒప్పేసుకోమన్నాడు. నవ్వు లేకపోయినా బతకొచ్చుగానీ తిండి లేకపోతే ఎలా అన్నాడు. అందులోనూ తప్పు లేదు. గుమాస్తా వెళ్ళాక అత్తగారు మాత్రం నెమ్మదిగా అంది:

"అన్నీ రాలిపోతే మీ అమ్మ కూడా పోతుంది కదే."

మైకమ్మ దగ్గర వాళ్ళమ్మది మిగిలింది అదొక్కటే. ఏం ఒప్పుకోవాలో, ఏం కాదనాలో తేల్చుకోకుండానే మర్నాడు కమిటీ గదిలోకి వెళ్ళింది.

పొడుగాటి బల్లకి అటువైపు పెద్దమనుషులు బిగుసుకుని కూర్చున్నారు. ఉరుము గొంతు సవరించుకున్నాడు.

"వాడూ నువ్వూ కలిసి దేనికి నవ్వుకున్నారు? ఈ ఊరిని చూసేనా?"

మైకమ్మ బస్సులు చెప్పే గొంతుతోనే చెప్పింది. "ఆ పొద్దున ఆయన బస్టాండు ముందే సభ పెట్టారండి. ఊరికి దారి చూపిస్తానని గంటసేపు అరిచారు. అవగానే బస్సెక్కి వెళ్ళిపోయారు. కాసేపటికి చూస్తే నా కిటికీ ముందున్నారు. 'ఎక్కాల్సిన బస్సు వదిలేసి ఊరు చుట్టి వచ్చేదెక్కానమ్మా, మళ్ళీ ఇక్కడే దించింది, మైకులో మాత్రం చెప్పకు' అన్నారండి."

మొదట మూలనున్నాయన భుజాలు కదిలాయి. ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. శత్రువు తల వంచుకుని బస్సు దిగే ముచ్చట వింటే ఎంత సంతోషం. అందరికంటే ఎక్కువగా ఉరుమే నవ్వాడు. బల్ల చరిచాడు, కళ్ళు తుడుచుకున్నాడు. వాళ్ళని చూసి మైకమ్మకీ ఆ రోజు కళ్ళముందు ఆడింది. ఇన్ని వారాలుగా బిగబట్టుకున్నదంతా ఒక్కసారిగా బయటికొచ్చింది, అమ్మ గలగలతో, అత్తగారి ముక్కుతో, చివరి ఈలతో సహా.

నవ్వులు సద్దుమణిగాక మూలనున్నాయన మిగిలిన కాస్తా నవ్వబోయాడు. చివర్లో ఈల లేచింది. పక్కాయనకీ అంతే. ఉరుము కూడా సన్నగా నవ్వి చూసుకున్నాడు. అందరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. వాయిదా అని చెప్పి లేచిపోయారు.

ఆ వాయిదా మళ్ళీ రాలేదు. మైకమ్మ ఇవాళ్టికీ ఆ కుర్చీలోనే ఉంది. దానికి కారణం కమిటీ మంచితనం అనుకుంటే పొరపాటు.

ఆ సాయంత్రం ఉరుము పెదవులు బిగించుకుని ఇల్లు చేరాడు. అప్పుడప్పుడే మాటలు నేర్చుకుంటున్న మనవరాలు రోజులాగే తలుపు చాటున నక్కింది. కనిపెట్టి అమ్మో అని భయపడటం తాత పని. భయపడ్డాడు. పిల్ల పకపకా నవ్వింది, ఆ నవ్వు చూసి నవ్వకుండా ఉండటం ఉరుము తరం కాలేదు. పిల్ల మళ్ళీ నవ్వేసరికి చివర్లో సన్నగా ఈల వచ్చింది. దానికది భలే నచ్చింది. కావాలని మళ్ళీ మళ్ళీ నవ్వుతోంది.

ఆ ఈల ఏ ఇంట్లో వినిపించినా ఆ ఇంటివాళ్ళు మనవాళ్ళు కారని మర్నాటి సభలో చెప్పడానికి పొద్దున్నే మాటలన్నీ పేర్చి పెట్టుకున్నాడు ఉరుము.

"తాతా, ఇంకోసారి" అంది పిల్ల.

ఆయన లేచి వెళ్ళి వీధి వైపు కిటికీలన్నీ మూసి వచ్చాడు. మళ్ళీ భయపడ్డాడు.