లేత మామిడాకులు

చిక్కమ్మకు పురుగుల సంగతి చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. ఆనేకల్ పక్కన ఇరవై ఏళ్ళు పట్టుపురుగులు మేపి, ఆ తర్వాతే బొమ్మసంద్రలో ఇల్లు కట్టుకుంది. తట్టలో వాడిన ఆకు ఒక్కటి కనిపిస్తే చాలు, కోడల్ని ఉతికి ఆరేసేది.

అలాంటి మనిషికి, మేడ మీద అద్దెకుండే అక్షర ఊరికి పోతూ ఒక గాజు పెట్టె అప్పగించింది. ఆ పిల్ల కాలేజీలో పురుగుల మీద పరిశోధన చేస్తోంది. పెట్టెలో కుళ్ళిన మామిడాకులు, వాటి కింద బియ్యపు గింజంత పురుగులు. పెద్దయితే దీపం చుట్టూ తిరిగే చిన్న రెక్కల పురుగులవుతాయట.

“ఇవి రాలిన ఆకే తింటాయి ఆంటీ. మా సార్ నమ్మట్లేదు, నేను తిరిగొచ్చాక చూపించాలి. రోజూ కాస్త నీళ్ళు చిలకరించండి, చాలు.”

చిక్కమ్మ తలూపింది. అక్షర ఎక్కిన ఆటో వీధి మలుపు తిరగకముందే ఆ చెత్తంతా పొయ్యిలో వేసింది. పురుగుల్ని కోడి ఈకతో సుతారంగా ఎత్తి, పెట్టె తుడిచి, లేత మామిడాకులు పరిచింది. ఎదురింటి అంబికను పిలిచి మరీ చూపించింది.

“చదువుకున్నోళ్ళకి పురుగులు సాకేది ఏం తెలుసు? ఇప్పుడు చూడు, ఎంత చక్కంగా ఉండాదో!”

పురుగులు ఆకుల మీద అటూ ఇటూ తిరిగాయి. తర్వాత తిరగడం మానేశాయి. చిక్కమ్మ పాత ఆకులు గంపలో పడేసి, ఇంకా లేతవి కోసి తెచ్చి వేసింది. అక్షర వచ్చే పొద్దుటికి ఒక్కటీ కదలడం లేదు. అప్పుడు చెట్టు కింది ఎండాకులు ఏరి మళ్ళీ పెట్టెలో పరిచేసింది.

“ఆకు మార్చలేదు కదా ఆంటీ?” అంది అక్షర, చచ్చిన పురుగుల్ని చూసి.

“లేదమ్మా. నువ్వు చెప్పినట్టే చేసినాను.”

“అయితే మా సారే కరెక్ట్. వీటి తిండి ఇది కాదు, నేనే తప్పుగా చూశాను.” అక్షర చెప్పులేసుకుంది. “ఎస్టీడీ బూత్ నుంచి సార్‌కి చెప్పేసి వస్తాను. మీకు అనవసరంగా శ్రమ పెట్టాను, సారీ ఆంటీ.”

ఆ సారీకి చిక్కమ్మకు తల కొట్టేసినట్టయింది. పురుగుల్ని చంపింది చాలక ఆ పిల్ల మాటను కూడా చంపుతున్నాను కదా అనిపించింది. గేటు చప్పుడయ్యాక గంప ఎత్తుకుని వెనకాలే పరుగెత్తింది.

“ఆగు పాపా! అబద్ధం చెప్పినాను. నీ ఆకులు పారేసి ఇవి పెట్టినాను.”

అక్షర గంప అందుకుంది. వాడిన ఆకులు ఒక్కొక్కటే తీసి, తిరగేసి చూసింది. ఒక్క ఆకుకైనా కొరికిన గాటు లేదు.

“ఆకలికి సచ్చినాయి గానీ, నేను పెట్టింది ముట్టలేదు,” అంది చిక్కమ్మ తలెత్తకుండా. “ఇవే చూపించు మీ సార్‌కి. ఎవరు పెట్టినారని అడిగితే, ఇరవై ఏండ్లు పట్టుపురుగులు సాకిన చిక్కమ్మ అని చెప్పు.”