ముగ్గుపిండితో ఎనిమిది

పాకాలలో రైల్వే క్వార్టర్ల వెనక ఖాళీ జాగాలో ముగ్గుపిండితో ఎనిమిది అంకె గీసింది నేనే. లైసెన్సు పరీక్షలో ఆ అంకె మీద కాలు కింద పెట్టకుండా స్కూటర్ తిప్పాలి. మా కోడలు స్రవంతి మొదటిసారి చిత్తూరులో పరీక్షకు పోయి, కాలు పెట్టేసి తిరిగొచ్చింది. పాల కంపెనీలో ఉద్యోగం ఖాయమైంది గానీ, ఊరూరూ తిరిగే పని కాబట్టి లైసెన్సు ఉంటేనే చేర్చుకుంటామన్నారు. శుక్రవారం మళ్లీ పరీక్ష. ఈసారీ తప్పితే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

నా కొడుకు టమోటా లారీ మీద పోతే వారానికి గానీ ఇల్లు చేరడు. అందుకని బండి నేర్పే పని స్రవంతి వాళ్లన్న మునిశేఖర్ నెత్తిన పడింది. నేను గీసింది చూసి అతను నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"అత్తా, ఇది ఎనిమిదా, ధనుర్మాసం ముగ్గా? ఈ సందులో చీమ కూడా తిరగలేదు, బండి యాడ తిరుగుతాది?"

"పెద్దది చేస్తే పిండి చాలదబ్బయ్యా."

"ఉద్యోగం వస్తే బస్తా కొనిస్తాదిలే నీ కోడలు."

కాలితో చెరిపేసి పెద్దగా గీశాను. స్రవంతి హెల్మెట్ పెట్టుకుని బయలుదేరింది. మొదటి సున్నా చక్కగా చుట్టింది. గీతలు కలిసే చోటికి వచ్చేసరికి కాలు కింద పడింది. మళ్లీ తిప్పింది. మళ్లీ అక్కడే.

"ఏం మే, ఆడ ఆకేసి వడ్డించిండారా? కచ్చితంగా ఆడే దిగుతావే!" అన్నాడు మునిశేఖర్.

నేను నీళ్ల సీసా ఒళ్లో పెట్టుకుని రాతి మీద కూర్చుని చూస్తూనే ఉన్నాను. బండి అవతలి కొసకు పోయినప్పుడల్లా నా మెడ దాని వెంటే సాగేది.

పోయేవాళ్లను చూడటం నేను నేర్చుకున్నది ఈ ఊరి స్టేషన్లోనే. చిన్న పట్టాల మీద బొగ్గు బండ్లు నడిచే రోజులు. మా అక్క పంకజాక్షి కాపురానికి పోతుంటే నాయన నా భుజం పట్టుకుని ప్లాట్‌ఫారం చివర నిలబడ్డాడు. "బండి కనిపించినంతసేపూ నిలబడాల మే. మనం ముందే తిరుక్కుంటే పోయేవాళ్లకి మనసు నిలవదు" అన్నాడు. అక్క కిటికీలోంచి తల బయటపెట్టి, వంపు తిరిగేదాకా నన్నే చూసింది. పొగలో ఆమె జడలోని కనకాంబరాలు మాత్రం ఇంకాసేపు కనిపించాయి. చాలా ఏళ్లకు మా ఆయన రాయవేలూరు ఆసుపత్రికి పోతూ బస్సులోంచి అట్లాగే మెడ తిప్పి చూశాడు. ఆయన కళ్లు తెరిచి ఉండగా నేను చూడటం అదే కడపటిసారి.

అప్పటినుంచి ఇంట్లో ఎవరు బయటికి పోయినా వీధి మలుపు తిరిగేదాకా నేను గేటు దగ్గర ఉండాల్సిందే. స్రవంతి కాపురానికి వచ్చిన కొత్తలోనే అది గమనించింది. కూరగాయలకు పోయినా సరే, మలుపు దగ్గర ఒకసారి తిరిగి తల ఊపి పోతుంది, నేను చెయ్యి ఎత్తుతాను. నేను అడగలేదు. తనంతట తనే ఇచ్చిన వరం అది.

సాయంత్రానికి మునిశేఖర్ నా పక్కన వచ్చి కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు.

"అత్తా, ఏమీ అనుకోవద్దు. గీతలు కలిసే కాడికి రాంగానే దాని మెడ నీ తట్టు తిరుగుతా ఉండాది. మెడ తిరిగితే హ్యాండిల్ తిరుగుతాది, కాలు పడతాది. పోయినసారి చిత్తూర్లోనూ నువ్వు గోడ పక్కన నిలబడుంటివి కదా?"

స్రవంతి విననే విన్నది. "అత్త సూస్తా ఉంటే తిరక్కుండా ఎట్లన్నా? అలవాటైపోయింది."

"అయితే బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కి సెప్పు. మా అత్తకి టాటా సెప్పాల, రవ్వంత ఆగు సార్ అని."

ముగ్గురం నవ్వాం. నేను లేచి, రాయికి అటువైపు తిరిగి రైలు పట్టాల కేసి చూస్తూ కూర్చున్నాను. వెనక బండి చప్పుడు దూరమవుతుంటే వీపంతా జలదరించింది. చప్పుడు మళ్లీ దగ్గరికొచ్చింది. మళ్లీ పోయింది. ఎక్కడా ఆగలేదు.

శుక్రవారం నేను రానన్నాను. స్రవంతి ఒప్పుకోలేదు. "ఇంట్లో నువ్వేం సేస్తా ఉండావో అని నాకదే యావ. రా, కానీ అట్ల తిరిగి కూసో."

చిత్తూరు మైదానంలో గోడకు ఎదురుగా కూర్చున్నాను. ఇక్కడ ఉమ్మరాదు అని గోడ మీద ఉంది. దాన్నే కూడబలుక్కుని ఎన్నిసార్లు చదివానో. స్రవంతి పేరు పిలిచారు. బండి కదిలింది, పోయింది, వచ్చింది, పోయింది. ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోయింది. కాలు పెట్టేసిందేమో. చీర కుచ్చిళ్లు గట్టిగా పట్టుకున్నాను గానీ తల తిప్పలేదు.

"అత్తా! అయిపోయింది! కాలు పెట్టలేదు, పాసంట! సూసినావా?"

"లేదు మే."

"ఇంత బాగా ఏస్తే రవ్వ కూడా సూడలేదా?" మొహం చిన్నబుచ్చుకుంది.

"సూస్తే ఒక తంటా, సూడకపోతే ఒక తంటా!" అని మునిశేఖర్ తల కొట్టుకున్నాడు.

బయటికొచ్చాక పక్కనున్న బయలు చూపించి, "ఈడ నిలబడు, మళ్లీ ఏస్తా" అని హెల్మెట్ తగిలించుకుంది. అక్కడ గీతలు లేవు. ఎర్రమట్టిలో తనే ఎనిమిది చుడుతూ పోయింది. ఈసారి కళ్లారా చూశాను. గీతలు కలవాల్సిన చోటికి రాగానే అలవాటు కొద్దీ నా చెయ్యి లేచింది. స్రవంతి మెడ తిరగలేదు. ముందున్న దారినే చూస్తూ నా ఎదురుగా సాగిపోయింది. ఎత్తిన చేతిని ఏం చేయాలో తెలియక కొంగు సర్దుకున్నాను.