లాప్‌టాప్‌లో విజయదశమి

కొత్త లాప్‌టాప్ సరిగ్గా అమావాస్య నాడే మెట్టుగూడలోని తమ ఇంటికి రావడం బ్రహ్మచారికి మింగుడు పడలేదు. పోనీ అందులో చేయబోయే మొదటి పని చిన్నదా? కూతురు సృజన సర్కారు కొలువుకు దరఖాస్తు పెట్టాలి. సాయంత్రం ఐదుతో గడువు సరి. వయసు పరిమితి లెక్కన ఆమెకు ఇదే ఆఖరి అవకాశం.

ముప్పై ఏళ్లు బంగారప్పని చేసిన మనిషికి ఉపాయాలు తక్కువా? సృజన స్నానానికి వెళ్లిన సందు చూసుకుని, తెర మూలనున్న తేదీని కెలికి కెలికి, పోయిన ఏటి విజయదశమికి మార్చేశాడు. లోకానికి అమావాస్య అయితే అవనీ, ఆ పెట్టెకు మాత్రం పండగే. దాంతో ఆయన మనసు కుదుటపడింది.

మూడున్నరకు సృజన పని మొదలుపెట్టింది. వై-ఫై గీతలు నిండుగా ఉన్నాయి, పేజీ ఒక్కటీ తెరుచుకోదు. ఫోన్లో మాత్రం అదే వై-ఫై మీద అన్నీ వస్తున్నాయి. ఆ దిక్కుమాలిన ఫారమేమో కంప్యూటర్‌లోనే నింపాలట. కంగారులో ఆమె తెర మీది అక్షరాలు చదవకుండానే పేజీలు మూసి తెరిచి, చివరికి నెట్ కంపెనీకి ఫోన్ కలిపింది.

బ్రహ్మచారి ఊరుకుంటాడా? రౌటర్‌ను ఆపి మళ్లీ వేశాడు. పంచె అంచుతో తుడిచాడు. అల్మారా నెత్తికెక్కించాడు. తెర మీద ఏదో కనిపిస్తే కూడబలుక్కుని చదివాడు. 'యువర్ క్లాక్ ఈజ్ బిహైండ్.'

"క్లాక్ ఎనకనా?" అనుకుంటూ స్టూలెక్కి, గోడ గడియారం ఎత్తి వెనక చూశాడు. అక్కడున్న బల్లి ఆయన్ని చూసి పారిపోయింది. "బిడ్డా, ఈ బల్లే వైర్ గిట్ల కొరికినట్టుంది."

అప్పుడే ఫోన్ స్పీకర్లో నెట్ కంపెనీ మనిషి కిషన్ గొంతు పలికింది. "మేడమ్, ఫోన్‌ల వస్తుందంటే మా లైన్ మంచిగనే ఉంది. లాప్‌టాప్‌ల డేట్ చూడండ్రి. అది తప్పుంటే పేజీలు ఓపెన్ కావు."

స్టూలు మీద బ్రహ్మచారి బిగుసుకుపోయాడు. టైము నాలుగూ నలభై.

"నేనే మార్చిన," అన్నాడు దిగకుండానే. "ఇయ్యాల అమావాస్య కద. నీకు మంచి జరగాలనే..."

సృజనకు కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. రెండూ దిగమింగి, "ఇయ్యాల్టి డేటే పెడుతున్న నాయినా," అంది.

"పెట్టు బిడ్డా," అన్నాడు. స్టూలు దిగి మూలకు వెళ్లి నిలబడ్డాడు.

నాలుగూ యాభై మూడుకు దరఖాస్తు చేరింది. రసీదు చదువుతూ సృజన తేలిగ్గా ఊపిరి తీసుకుంది. తండ్రి ఇంకా మూలన నిలబడే ఉన్నాడు. చూడలేక తనే పలకరించింది.

"పరీక్ష డేట్ సుత ఇచ్చిండ్రు. వచ్చే నెల ఇరవై. రోజెట్లుందో క్యాలెండర్ల నువ్వే చూడు."

బ్రహ్మచారి గోడ క్యాలెండర్ కాగితం తిప్పాడు. ఇరవై అంకె పక్కన నల్లటి చుక్క ఉంది. అమావాస్య గుర్తు. దాని మీద బొటనవేలు గట్టిగా అదిమిపెట్టి కూతురి వైపు తిరిగాడు.

"మస్తు మంచిరోజు బిడ్డా," అన్నాడు.