రాయించని పేరు

ఆ వీధిలో అద్దాల షాపు నడిపే ఆవిడకు అసలు పేరేమిటో చాలామందికి తెలియదు. అందరికీ ఆవిడ అద్దాలావిడే. తండ్రి పోయాక షాపు ఆమె చేతికి వచ్చింది. పెళ్లి చేసుకోలేదు. ఎవరైనా ఆ ఊసెత్తితే, "పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎటు తిరిగినా నా మొహమే కనిపిస్తుంది. ఇంట్లో ఇంకో మొహం కూడా భరించాలా?" అని నవ్వేసేది. కిటికీలకు గాజు కోయడం, నిలువుటద్దాలకు ఫ్రేములు కట్టడం, బల్లల మీదికి మందపాటి పలకలు అమర్చడం ఆమె పని. వజ్రపు మొన పెట్టి గీత గీసి, బొటనవేలితో చిన్నగా నొక్కిందంటే పలక గీత వెంబడే విడిపోయేది.

గాజు అక్క మాట వింటే, మనుషులు చెల్లెలి మాట వినేవారు. రెండు వీధుల అవతల కాపురముండే చెల్లెలు, కూతుర్ని బడికి పంపించి తొమ్మిది కొట్టేసరికి షాపులో ఉండేది. కొలతలు తీసుకోవడం, బేరాలు, బిల్లులు, వ్యాను నడపడం, సమయానికి డబ్బివ్వని వాళ్లను నవ్వుతూనే నిలదీయడం అన్నీ ఆమెవే. జీతమంటూ లేదు. కావలసినప్పుడు సొరుగులోంచి తీసుకునేది. పదకొండేళ్లుగా అలాగే జరుగుతోంది.

ఏడాదికోసారి షాపు బీమా కాగితాలు పట్టుకుని మాస్టారు వచ్చేవారు. ముప్ఫై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పి, రిటైరయ్యాక ఇన్సూరెన్స్ ఏజెంటు అయ్యారు. ఎదుటివాళ్లు పాలసీ కొనేవాళ్లయినా సరే, పాఠం చెప్పినట్టే చెప్పేవారు.

"షాపుకీ సరుక్కీ రాశాం. పనివాళ్ల ప్రమాద బీమాలో మాత్రం నీకు కోతలో సాయపడే ఆ పనివాడి పేరొక్కటే ఉంది. చెల్లాయి పేరేదీ?" అని ఆ ఏడు అడిగారు.

"అది పనిమనిషా మాస్టారూ? ఇంటి మనిషి."

"ఇంటి మనిషని గాజు చూసి కోస్తుందా అమ్మాయ్?"

"ఏదైనా అయితే నేను లేనూ?" అంది అద్దాలావిడ.

చెల్లెలు కూడా పక్కనుంచి, "మా అక్కే నాకు పెద్ద పాలసీ. కిస్తీ కూడా కట్టక్కర్లేదు," అంది. ముగ్గురూ నవ్వుకున్నారు. మాస్టారికి ఆ రోజు ఇంకా నాలుగు షాపులు తిరగాల్సి ఉంది. మళ్లీ అడగలేదు.

వానాకాలం మొదట్లో ఒక డాన్సు స్కూలు వాళ్లు పదకొండు నిలువుటద్దాలకు ఆర్డరిచ్చారు. చేరవేయాల్సిన రోజుకు రెండు రోజుల ముందు వ్యాను గేరుబాక్సు పోయింది. మెకానిక్కు వారం పడుతుందన్నాడు. అద్దాలావిడ మాస్టారికి ఫోను చేసింది.

"వెనకాల సీట్లు మడిచే పెద్ద కారొకటి అద్దెకి తీసుకుందామనుకుంటున్నా మాస్టారూ. మన పాలసీ దానికి పనికొస్తుందా?"

"రాదు. నీ పాలసీ నీ వ్యానుకే. అద్దె కారుకి వాళ్ల దగ్గరే బీమా తీసుకోవాలి. బండి తాళం చేతికి రాకముందే నాలుగు పక్కలా ఫోటోలు తీసుకో, పాత గీతలన్నీ నీ నెత్తిన రుద్దకుండా. సరుకు వేస్తున్నానని చెప్పెయ్, దాచకు. నువ్వు కాక ఇంకెవరు స్టీరింగు పట్టుకున్నా వాళ్ల పేరు రాయించు. రాయించకపోతే ఆ కాగితం చిత్తుకాగితమే."

ఆమె ఫోటోలు తీసింది. సరుకు సంగతి చెప్పింది. కౌంటరులో ఉన్న కుర్రవాడు తెర వంక చూస్తూ, "మీరు కాకుండా ఇంకెవరైనా నడుపుతారా? రెండో డ్రైవరుకి కొంచెం ఎక్స్‌ట్రా అవుతుంది," అన్నాడు.

ఆ కొంచెం నిజంగా కొంచెమే. ఇద్దరు హోటల్లో కూర్చుని టిఫిను తింటే అయ్యేంత.

"లేదు, నేనొక్కదాన్నే. వెళ్లి వచ్చేయడమేగా," అంది ఆమె.

పక్కనే నిలబడ్డ చెల్లెలు ఆమె చెవిలో, "నాకు బండి రాదనుకుంటాడు పాపం," అని గుసగుసలాడింది.

అద్దాలు భద్రంగానే చేరాయి. పదకొండో అద్దం గోడకు ఎక్కిస్తుండగా దాని అంచు జారి అద్దాలావిడ కుడి అరచేయి కోసుకుపోయింది. లోతుగానే తెగింది. డాన్సు టీచరు దూది పెట్టి గుడ్డ చుట్టింది. కారు దగ్గరికి వచ్చాక చెల్లెలు తాళం కోసం చేయి చాచింది.

"ఒద్దులేవే, నీ పేరు రాయించలేదు," అంది అక్క.

"ఆ చేత్తో స్టీరింగు తిప్పుతావా? పక్కకి జరుగు."

ఆమె పక్కకు జరిగింది.

ఊరి బయటి రోడ్డెక్కేసరికి జల్లు మొదలైంది. ముందు వెళ్తున్న లారీ ఉన్నట్టుండి ఆగింది. చెల్లెలు బ్రేకు తొక్కింది. తడి రోడ్డు మీద కారు జారి, లారీ వెనక మూల డ్రైవరు వైపు నుంచి లోపలికి దిగిపోయింది. అద్దాలావిడ ఎడమ భుజాన్ని బెల్టు కోసేసింది, రెండు పక్కటెముకలు విరిగాయి. చెల్లెలు మాత్రం అక్కడికక్కడే పోయింది. దారినపోయే వాళ్లు పరుగెత్తుకొచ్చి ఇద్దరినీ బయటికి లాగి వానలో పక్కపక్కనే పడుకోబెట్టారు. పోలీసులు వచ్చేసరికి ఎవరు ఎక్కడ కూర్చున్నారో చెప్పే నాథుడు లేడు. వాళ్ల కాగితంలో డ్రైవరు పేరు దగ్గర, విచారించాలి అని మాత్రమే రాసుకున్నారు.

నిజం తెలిసింది ఒక్క మరిదికి, చెల్లెలి భర్తకి. ఆస్పత్రి మంచం మీద అద్దాలావిడే అతనికి చెప్పుకుని ఏడ్చింది.

పన్నెండో రోజు దాటాక అతను ఆమె ఇంటికి వచ్చాడు. సూదుల ఫ్యాక్టరీలో మిషను మీద పనిచేసే మనిషి, మాట తక్కువ. కూర్చుని, చేతులు చూసుకుంటూ మొదలుపెట్టాడు.

"వదినా, మా ఫ్యాక్టరీలో ఒకాయనకి ఇవన్నీ తెలుసు. కాగితంలో పేరున్న మనిషి నడిపి ఉంటే, పక్క సీట్లో పోయిన మనిషికి డబ్బొస్తుందట. పెద్ద మొత్తమే. పేరు లేని మనిషి నడిపితే పైసా రాదట. పైగా కారు ఖరీదు మీ మీదే పడుతుంది."

ఆమెకు అర్థమైంది. అయినా అతని నోటి నుంచే వినాలని ఊరుకుంది.

"మీరే నడిపారని చెప్పండి. ఎలాగూ పోయింది మళ్లీ రాదు. పిల్లకి చదువుంది, పెళ్లుంది. నా జీతం మీకు తెలుసు."

"కేసు నా మీదికొస్తుంది."

"వస్తుంది. వాన, లారీ సడన్‌గా ఆగింది. మహా అయితే జరిమానా అంటున్నాడాయన." అతను తల ఎత్తాడు. "ఆ పేరు రాయించి ఉంటే నేనిలా అడిగేవాణ్ణి కాదు వదినా."

అంతకంటే పెద్ద మాట అక్కర్లేకపోయింది. ఆమె సరేనంది. నిజానికి ఆమెకు కొంత ఊరటగా కూడా అనిపించింది. శిక్ష పడితే పడనీ, పిల్లకు ఒక దారి ఏర్పడుతుంది కదా అనుకుంది. రెండు రోజులు అద్దం ముందు నిలబడి, "నేనే నడిపాను" అని అనుకుంటూ తడబడకుండా చెప్పడం నేర్చుకుంది.

బీమా కంపెనీ తరఫున విచారణకు ఒక నడివయసు ఆఫీసరమ్మ వచ్చింది. ఉదయం పది దాటింది. షాపులో బేరాలు లేవు. చెల్లెలి కూతురు వెనక గదిలో ఉంది. పద్నాలుగేళ్ల పిల్ల. తల్లి పోయిన దగ్గర్నుంచి బడికి వెళ్లనని మొండికేసి, రోజూ ఇక్కడికొచ్చి పాత పేపరు తడిపి అద్దాలు తుడుస్తూ కూర్చుంటోంది. ఒకటే అద్దాన్ని గంటసేపు తుడిచేది. వద్దని ఎవరూ అనలేదు.

ఆఫీసరమ్మ మంచినీళ్లు తాగి, ఫైలు తెరిచి, మర్యాదగానే మొదలుపెట్టింది.

"ప్రమాదం జరిగినప్పుడు కారు నడుపుతున్నదెవరండీ?"

"నేనే."

వెనక గదిలో పేపరు కిర్రుమనే చప్పుడు ఆగిపోయింది.

"మీ చెల్లెలుగారు పక్క సీట్లో ఉన్నారు. అంతేనా?"

"అంతే."

"లారీ ఎంత దూరంలో ఉండగా బ్రేకు వేశారు?"

అద్దాలావిడ దానికి కూడా జవాబు సిద్ధం చేసుకుంది. చెప్పబోయి తల తిప్పేసరికి గుమ్మంలో పిల్ల నిలబడి ఉంది. చేతిలో తడి పేపరు నేల మీద చుక్కలు కారుస్తోంది.

"నువ్వా పెద్దమ్మా? అమ్మే నడిపిందేమో అనుకున్నా ఇన్నాళ్లూ. నువ్వా?"

గట్టిగా అరిచినా బాగుండేది. పిల్ల మెల్లగా, తప్పు విన్నానేమోనన్నట్టు అడిగింది. ఒక్క ఔనుతో ఈ పిల్లకు డబ్బొస్తుంది. అదే ఔనుతో తల్లిని చంపిన మనిషిగా తను ఆ కళ్లల్లో బతికినంత కాలం ఉండిపోతుంది. జైలుకు సిద్ధపడింది గానీ దీనికి సిద్ధపడలేదు. అదొక్కటే కూడా కాదు. చెల్లెలు బ్రేకు తొక్కింది, స్టీరింగు ఎడమకు తిప్పింది, ఆఖరి క్షణం దాకా కారును నిలబెట్టాలనే చూసింది. పక్కన ఉన్న అక్క బతికింది అందుకే. అదంతా తన పేరు మీద రాయించుకోవడానికి ఆమెకు నోరు రాలేదు.

"రాయకండి. అబద్ధం చెప్పాను. నడిపింది మా చెల్లెలే. నా చేయి తెగింది, అందుకని తను తీసుకుంది."

ఆఫీసరమ్మ కలం మూత పెట్టేసింది. ఫైలులోంచి ఒక కాగితం తీసి ఆమె వైపు తిప్పింది. ఆస్పత్రి వాళ్లు రాసింది. బెల్టు ఏ భుజాన్ని ఎటు నుంచి ఎటు కోసిందో బొమ్మ గీసి మరీ పెట్టారు.

"ఈ దెబ్బ పక్క సీట్లో కూర్చున్న మనిషికే తగులుతుందమ్మా. నేను వచ్చేముందే చూశాను. మీరు ఆ మాట మీద సంతకం పెట్టేసి ఉంటే మోసం కేసు అయ్యేది," అంది. ఆ తర్వాత గొంతు తగ్గించి, "నిజం చెప్పినంత మాత్రాన నేను ఇప్పించగలిగేదేమీ లేదు. కాగితంలో ఆవిడ పేరు లేదు," అంది.

ఆఫీసరమ్మ వెళ్లిపోయాక పిల్ల వచ్చి పెద్దమ్మ పక్కన నేల మీద కూర్చుంది. అమ్మ చివర్లో ఏమందని అడిగింది. "ఏమీ అనలేదే. గట్టిగా పట్టుకో అక్కా అంది. అంతే," అని చెప్పింది అద్దాలావిడ. తల్లి పోయాక ఆ పిల్ల నోరు తెరిచి ఏడవడం అదే మొదలు.

సాయంత్రానికి మరిదికి తెలిసింది. వచ్చాడు, గుమ్మం దాటలేదు.

"మీ మనసు తేలిక చేసుకోవడానికి నా కూతురి నోటికాడి కూడు లాగేశారు," అన్నాడు.

ఆస్పత్రి కాగితం సంగతి ఆమె చెప్పబోయింది. అతను వినలేదు. పిల్ల చేయి పట్టుకుని తీసుకుపోయాడు.

మర్నాడు మాస్టారు షాపు పాలసీ కాగితాలన్నీ బల్ల మీద పరిచి, ఎక్కడైనా ఒక్క సందు దొరుకుతుందేమోనని మధ్యాహ్నం దాకా వెతికారు. పనివాళ్ల జాబితాలో చెల్లెలి పేరుంటే, పని మీద వెళ్లి వస్తూ పోయింది కాబట్టి ఎంతో కొంత వచ్చి ఉండేది. జాబితాలో కోత పనివాడి పేరొక్కటే ఉంది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"తప్పు నాది కూడా అమ్మాయ్. బడిలో అయితే లెక్క చేసేదాకా పిల్లల్ని ఇంటికి పంపేవాణ్ణి కాదు. ఆ రోజు మీతో కలిసి నవ్వి వెళ్లిపోయాను."

ఆమె కాగితాలు మడిచి కవర్లో పెట్టింది. అనడానికి మనసులో చాలా ఉంది గానీ, అందులో సగం తనను తాను అనుకోవాల్సిందే.

కారు ఖరీదు కట్టడానికి వ్యాను పోయింది, వెనక గది పోయింది. పక్క షాపు వడ్రంగి ఆ గదిని కొనుక్కుని మధ్యలో గోడ కట్టించాడు. మిగిలిన షాపులో సగం వాటా పిల్ల పేరున రాయించి, ఆ దస్తావేజు మాస్టారి చేత మరిది ఇంటికి పంపింది. అతను తీసుకున్నాడు. మంచీ చెడూ ఏమీ చెప్పి పంపలేదు. పిల్ల మళ్లీ బడిలో చేరింది. ఆదివారాలు పెద్దమ్మ దగ్గరికి రానిచ్చేవాడు గానీ, తను మాత్రం వీధి మలుపు దగ్గరే వదిలి వెనక్కి తిరిగేవాడు.

ఎనిమిది నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం అద్దాలావిడ కిటికీ గాజుకు గీత గీస్తుండగా గుమ్మంలో నీడ పడింది. మరిది. ఫ్యాక్టరీ బట్టల్లోనే వచ్చాడు. చేతిలో మడతపెట్టిన కాగితాలున్నాయి.

"మా ఫ్యాక్టరీలో అందరికీ ప్రమాద బీమా చేయిస్తున్నారు. సంతకం పెట్టి రేపటికల్లా ఇమ్మన్నారు," అన్నాడు నేల చూస్తూ.

ఆమె చేతులు తుడుచుకుని కాగితాలు అందుకుంది. మొదటి పేజీ నుంచి చివరి దాకా, చిన్న అక్షరాలతో సహా, వేలు పెట్టి చదివింది. అతను నిలబడే ఉన్నాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"పనికి మోటారు సైకిలు మీద వెళ్తున్నావా?"

"ఊఁ."

"ఇక్కడ బస్సని రాశారు. కొట్టేసి రాయి. అప్పుడప్పుడూ రాత్రి డ్యూటీ వేస్తారుగా, అదీ రాయి. నీ తర్వాత డబ్బెవరికి అన్నచోట ఖాళీ వదిలేశావేం?"

"పిల్లకేగా. తెలిసిందేగా."

"తెలిసిందే అయినా రాయి."

అతను బల్ల మీదికి వంగి కూతురి పేరు రాశాడు. ఇంటిపేరుతో సహా, ఒక్కో అక్షరం విడివిడిగా రాశాడు. ఆమె మరోసారి చూసి కాగితాలు తిరిగిచ్చింది. అతను మడిచి జేబులో పెట్టుకున్నాడు. మంచినీళ్లు కావాలా అని అడిగితే తల అడ్డంగా ఊపి మెట్లు దిగి వెళ్లిపోయాడు.