చప్పుడు లేని పిలుపు

"ఖాళీ ప్యాకెట్లు డబ్బాలో దాచడమేమిటి అత్తయ్యా? చీమలు పడుతున్నాయి."

"నా డబ్బా, నా ప్యాకెట్లు. చీమలకి లేని బాధ నీకెందుకమ్మా?"

బిస్కెట్ ప్యాకెట్ల కోసం ఆ పొద్దున మా ఇంట్లో జరిగిన యుద్ధం ఇది. నేను నాలుగు చెత్తబుట్టలో వేస్తే, అత్తయ్య మూడు ఏరుకుని మళ్లీ డబ్బాలో పెట్టుకున్నారు. నాలుగోది తడిసింది కాబట్టి నాకు దక్కింది.

అంతలో గుమ్మంలో నర్సమ్మ. రెండేళ్లు దాటిన పిల్లల గురించి ఇల్లిల్లూ తిరిగి ఇరవై ప్రశ్నలు అడుగుతోంది. ఆటిజం లాంటిదేమైనా ఉందేమో చూసే డాక్టరమ్మ మా పేటకి ఆర్నెల్లకోసారి వ్యాన్‌లో వస్తుంది. నర్సమ్మ కాగితంలో అనుమానం కనబడిన పిల్లలకే డాక్టరమ్మని కలిసే చీటీ. పెద్దాసుపత్రికి పోవాలంటే రెండు బస్సులు మారాలి. వెళ్లినా ఏడాది తర్వాతి తేదీ ఇస్తారు.

"జాబితా రేపు పదింటికి పంపేయాలమ్మా, తొందరగా చెప్పండి" అంది నర్సమ్మ.

మా తోడికోడలు బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపనికి వెళ్లిపోయింది. ఆమె కూతురు చిట్టికి రెండున్నరేళ్లు. తల్లి లేదు కాబట్టి జవాబులు అత్తయ్యే చెప్పారు, మనవరాలికి నూటికి నూరు మార్కులు తెప్పించాలన్నంత పట్టుదలగా.

"ఏదైనా కావాలంటే వేలు పెట్టి చూపిస్తుందా?"

"ఓ, భేషుగ్గా."

"పేరు పెట్టి పిలిస్తే చూస్తుందా?"

"ఎందుకు చూడదూ? చిట్టీ!" అంటూ అత్తయ్య డబ్బాలోంచి ప్యాకెట్ తీసి గలగలలాడించారు. మూలన కూర్చుని చెప్పు పట్టీ తిప్పుకుంటున్న చిట్టి చటుక్కున ఇటు తిరిగింది. "చూశావా? పాము చెవులు!"

తల వంచుకుని రాస్తున్న నర్సమ్మ కంటికి పిల్ల తిరగడమొక్కటే కనబడింది. టిక్కు పెట్టి పక్కింటికి వెళ్లిపోయింది.

నాకు మాత్రం చేస్తున్న పని మీద మనసు నిలవలేదు. అత్తయ్య ప్యాకెట్‌తో పిలుస్తారు. చిట్టి తండ్రి, మా మరిది, ఆటో తాళాలు ఆడిస్తాడు. నేను గిన్నె మీద గరిటె కొడతాను. ఉత్త నోటితో ఆ పిల్లని పిలవడం ఇంటిల్లిపాదీ ఎప్పుడు మానేశామో కూడా గుర్తురాలేదు.

"అత్తయ్యా, ఒక్కసారి ప్యాకెట్ లేకుండా పిలిచి చూడండి" అన్నాను మధ్యాహ్నం.

"నా మనవరాలికి చెవుడంటావా?"

"చెవుడు కాదు. చప్పుడుకి తిరుగుతోంది, మనకి తిరగడం లేదు."

"చదువుకున్నావుగా, పసిపిల్లకి రోగాలంటగట్టు!" విసురుగా లేచి వెళ్లారు.

కాసేపటికి వెనక గదిలోంచి ఆవిడ గొంతు వినబడింది. తలుపు సందులోంచి చూశాను. చిట్టి ఎదురుగా, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

"చిట్టీ... చిట్టితల్లీ... ఇటు చూడమ్మా, నాన్నమ్మని."

పదకొండుసార్లు పిలిచారు. పిల్ల చెప్పు పట్టీ మీంచి చూపు తిప్పలేదు. ఇక పిలవలేక, దాని నుదుటి మీద జుట్టు సర్ది అలాగే కూర్చుండిపోయారు.

ఆ సాయంత్రం అందరం భోజనాలకి కూర్చున్నాం. అత్తయ్య అన్నం కలపకుండానే అన్నారు, "పొద్దున నర్సమ్మకి అబద్ధాలు చెప్పాను."

"వయసు తగ్గించి చెప్పావా అమ్మా?" అన్నాడు మరిది. ఎవరూ నవ్వలేదు.

"చిట్టి పిలిస్తే చూడదురా. వేలు పెట్టి చూపించదు. మన చెయ్యి పట్టుకుని లాక్కెళ్తుంది, అంతే."

"నాకూ మూడేళ్లదాకా మాటలు రాలేదన్నావుగా! ఇది బయటపడితే వీధి వీధంతా పిచ్చిపిల్లని పేరు పెడుతుంది."

తోడికోడలు తల ఎత్తకుండా నాతో అంది, "నేను ఇంటికొచ్చినా అది నా వంక చూడదక్కా. పొద్దంతా వదిలేసి పోతున్నానని అలిగిందనుకున్నాను."

"అలక కాదే పిచ్చిదానా. నీ తప్పేం లేదు" అన్నారు అత్తయ్య. తర్వాత అందరినీ ఒకసారి చూశారు. "రేపు తొమ్మిదింటికల్లా నేనే వెళ్లి ఆ కాగితం మళ్లీ రాయిస్తాను. పెద్దకోడలు నాతో వస్తుంది. వ్యాన్ వచ్చిన రోజు నువ్వు ఫ్యాక్టరీకి సెలవు పెట్టు. ఒరేయ్, నువ్వు ఆటో తియ్యకు. అందరం వెళ్తున్నాం."

మరిది ఏదో అనబోయాడు.

"అన్నం చల్లారిపోతోంది, తిను" అన్నారావిడ.