పదకొండు రోజుల చక్రాలు

మెర్ల్ హాస్టెట్లర్ ఆ శనివారం పొద్దున తన వాక్యూమ్ క్లీనర్‌ను కారు వెనక సీట్లో కూర్చోబెట్టి, సీటు బెల్టు కూడా పెట్టాడు. ముందు సీట్లో ఉన్న భార్య నోరీన్ వెనక్కి తిరిగి ఆ వైభోగం చూసింది.

"పెళ్ళై ముప్పై నాలుగేళ్ళైంది. నాకొక్కసారైనా బెల్టు పెట్టావా?"

"నీకు చేతులున్నాయిగా. దానికి లేవు," అన్నాడు మెర్ల్, వెనక తలుపు నెమ్మదిగా మూస్తూ.

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, కెండ్రిక్ అనే వాళ్ళ ఊళ్ళో అరవై ఏళ్ళపాటు లార్క్‌ఫీల్డ్ వాక్యూమ్ క్లీనర్ల ఫ్యాక్టరీ నడిచింది. ఊళ్ళో ఏ ఇంటి తలుపు తట్టినా ఎవరో ఒకరు అక్కడ మోటార్లు చుట్టినవాళ్ళో, సంచులు కుట్టినవాళ్ళో ఉంటారు. ఫ్యాక్టరీ మూతపడి పదేళ్ళైంది గానీ, ఏటా జూలై రెండో శనివారం రైతు సంఘం హాల్లో పాత వాక్యూమ్ క్లీనర్ల మేళా మాత్రం ఆగలేదు. ఐదారు రాష్ట్రాల నుంచి వస్తారు. వినేవాళ్ళకు నవ్వొస్తుంది, రానీ. ఇల్లు ఊడ్చే యంత్రం కోసం చలికాలమంతా గ్యారేజీలో వేళ్ళు కొంకర్లు పోయేలా కూర్చునేవాళ్ళు, నవ్వే జనం నోళ్ళు మూయించడానికి కూర్చోరు.

ఆ మేళాలో ఎన్ని బహుమతులున్నా అందరి కన్నూ ఒక్క నీలం రిబ్బన్ మీదే. పుట్టినప్పుడు ఏ భాగాలతో పుట్టిందో ఆ భాగాలతోనే నిలబడ్డ యంత్రానికి ఆ రిబ్బన్ కడతారు. మెర్ల్ దానికోసం ఆరుసార్లు ప్రయత్నించి ఆరుసార్లూ భంగపడ్డాడు. ఒక ఏడు నాలుగు గాళ్ళ తల ఉన్న మరలు నాలుగు పెట్టి దొరికిపోయాడు. ఆ కాలం మరలకు తలమీద ఒకటే గాడి. ఇంకో ఏడు అల్యూమినియం ఒంటిని అద్దంలా మెరిపించి తెచ్చాడు. "నాయనా, ఫ్యాక్టరీ నుంచి ఇవి మెత్తటి మసక మెరుపుతో బయటికొచ్చేవి. నువ్వు దీనికి పెళ్ళిముస్తాబు చేశావు," అంది ఓపల్ డ్రెస్లర్. మెర్ల్ ఆ ఏడంతా నోరీన్‌కు ఆ మాటే అప్పజెప్పాడు.

ఓపల్ ఆ మేళాకు పెద్ద న్యాయనిర్ణేత. ఇరవై ఒకటో ఏట ఆ ఫ్యాక్టరీలో అడుగుపెట్టి, ముప్పై ఎనిమిదేళ్ళు యంత్రాలు బిగించిన చేతులావిడవి. రెండేళ్ళుగా కళ్ళలో నడిమధ్య మబ్బు కమ్మింది. ఎదురుగా నిలబడ్డ మనిషి మొహం కనిపించదు, చెవులు కనిపిస్తాయి. అయినా సంచి మీద బొటనవేలు రాసి ఆ కుట్టు ఏ దశకానిదో చెబుతుంది. మోటారు ఆన్ చేయించి, కళ్ళు మూసుకుని, లోపల ఫ్యాను మార్చారో లేదో చెబుతుంది. మెర్ల్ పాతికేళ్ళు స్కూలు బస్సులు బాగుచేశాడు, మంచి మెకానిక్కులను చూశాడు. అలాంటి చేతుల్ని మాత్రం ఇంకెక్కడా చూడలేదు.

కానీ మొన్న మే నెలలో జరిగిన ఓ చిన్న మేళాలో ఆవిడ ఒక సంచి విషయంలో పొరబడింది. మేళాలు నడిపే సంఘం కార్యదర్శి డ్వేన్ కిటిల్ దాన్ని పట్టుకున్నాడు. డ్వేన్ చెడ్డవాడు కాడు. ఫ్యాక్టరీ వాళ్ళు అచ్చువేసిన భాగాల పుస్తకం ఆయన దగ్గరుంది, ఆ పుస్తకంలో లేనిది లోకంలో లేదనుకుంటాడు, అంతే. హాలు మెట్ల మీదే మెర్ల్‌ను పక్కకు పిలిచాడు.

"చూడు మెర్ల్, ఈసారి గనక ఆవిడ తప్పు చెబితే కుర్చీ ఖాళీ చేస్తానని ఆవిడే ఒప్పుకుంది. ఎవరికీ ఇష్టం లేదు. కానీ కళ్ళు కనబడని మనిషితో ఎన్నాళ్ళు లాగుతాం?"

"ఆవిడ కళ్ళతో ఎప్పుడు చూసింది గనక?" అన్నాడు మెర్ల్. అన్నాడే గానీ, ఆయన మనసంతా రిబ్బన్ మీదే ఉంది.

ఎందుకంటే ఈసారి ఆయన తెచ్చింది మామూలు యంత్రం కాదు. అది లార్క్‌ఫీల్డ్ అరవై ఒకటో నమూనా. నెంబరు పలక ప్రకారం 1942 వసంతంలో, ఫ్యాక్టరీ యుద్ధం పనులకు మళ్ళడానికి కాస్త ముందు బయటికొచ్చిన కడపటి కొన్ని వందల్లో ఒకటి. అక్టోబరులో ఒక రైతు ఇంటి సామాన్ల అమ్మకంలో, కోళ్ళ దాణా డబ్బాల వెనక దొరికింది. సంచి అసలుది. గుడ్డ చుట్టిన తీగ అసలుది. పిడి మీద నల్ల పట్టు, ముందు దీపం అద్దం, బ్రష్షులోని వెంట్రుకలు కూడా అసలువే. ఒక్క వెనక చక్రాలే ఆయన్ను ఏడిపించాయి. భాగాల పుస్తకంలో నల్ల రబ్బరు చక్రాలని ఉంటే, దీనికేమో నల్లరంగు పూసిన కొయ్య చక్రాలున్నాయి. వాటి వెనక తోలు వాషర్లు, ఇరుసు దగ్గర ఆకురాయితో అరగదీసిన గీతలు. "ఎవడో రైతు చేసిన ఘనకార్యం," అని పళ్ళు కొరికి, కొయ్య చక్రాలు పీకేసి, తోలును చాకుతో గీకేసి, ఇంకో పాత యంత్రం నుంచి అచ్చమైన రబ్బరు చక్రాలు తెచ్చి బిగించాడు. కాస్త వదులుగా ఉంటే పలచటి రేకు ముక్కలు పెట్టి సర్దాడు.

మధ్యాహ్నం మెర్ల్ బల్ల దగ్గరికి వచ్చారు ఓపల్, డ్వేన్. వాళ్ళ వెనక ఓ నలభైమంది చేరారు. ఆ మేళాకు ఒక పద్ధతుంది. తీర్పుకు ముందు యంత్రం సొంతదారు పిడి మీద చెయ్యేసి, దీనిలో ఏవి దీని సొంతం కావో పైకి చెప్పాలి. దాన్ని ఒప్పుకోలు అంటారు. దాచి దొరికినవాడికి ఆ ఏడు పోటీలో చోటులేదు.

మెర్ల్ పిడి మీద చెయ్యేశాడు. "లోపలి బెల్టు కొత్తది. తక్కినదంతా దీని సొంతమే."

బెల్టును ఎవరూ తప్పుపట్టరు, ఏ రబ్బరు బెల్టూ యాభై ఏళ్ళు బతకదు. డ్వేన్ పుస్తకం తెరిచి ఒక్కో భాగం నెంబరూ సరిచూశాడు. ఎక్కడా వేలెత్తి చూపడానికి లేదు. జేబులోంచి పెన్ను తీశాడు.

ఓపల్ అప్పటికి సంచి, పిడి, దీపం తడిమి తలాడించింది. నెంబరు పలక మీది అంకెలను గోటితో మెల్లగా చదివింది. అక్కడ ఆగింది. తర్వాత నేలమీద మోకాళ్ళ మీద కూర్చుని వెనక చక్రాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ కదిపింది.

"చక్రాలు దీనివి కావు," అంది.

డ్వేన్ పుస్తకంలో వేలు పెట్టాడు. "ఓపల్ గారూ, వెనక చక్రాలు, నల్ల రబ్బరు, రెండు. నెంబరు కూడా చక్రం మీద అచ్చేసి ఉంది."

"చక్రం మంచిదే నాయనా. ఈ యంత్రానిది కాదంటున్నాను. ఆ ఏడు మార్చిలో మాకు రబ్బరు రావడం ఆగిపోయింది. సైన్యానికి పోయింది. పదకొండు రోజులపాటు మేపుల్ కొయ్య చక్రాలు వేశాం. పక్క వీధిలో పియానో స్టూళ్ళు చేసేవాళ్ళు లేత్ మీద తిప్పి ఇచ్చేవారు. నల్లరంగులో ముంచి, ఆరకముందే బిగించేవాళ్ళం. నా వేళ్ళు నెలరోజులు నల్లగానే ఉన్నాయి."

"ఎక్కడైనా రాసుందా అండీ?"

"రాసేవాళ్ళు పై అంతస్తులో కూర్చునేవారు. బిగించేవాళ్ళం కింద ఉండేవాళ్ళం."

కొందరు నవ్వారు. డ్వేన్ నవ్వలేదు, ఆయన మొహంలో జాలి కనిపించింది. "ఈ యాభై ఏళ్ళలో అలాంటి చక్రం ఒక్కటైనా ఎవరైనా చూశారా?" అని అందరికేసి తిరిగి అడిగాడు.

చాలామంది తలలు అడ్డంగా ఊపారు. వెనక ఎవరో, "పాపం, పెద్దవయసు," అన్నారు. ఓపల్ వింది. మబ్బు కమ్మింది కళ్ళకే గానీ చెవులకు కాదు. చెయ్యి చక్రం మీదే ఉంచి, ఎవరికీ కానట్టు అంది:

"మేపుల్ చక్రం వెంట్రుకవాసి మందం. అందుకని ఇరుసు దగ్గర ఆకురాయితో మూడు గీతలు అరగదీసేవాళ్ళం. మూడే. అరవకుండా వెనకాల తోలు వాషరు పెట్టేవాళ్ళం, తెగిపోయిన మిషను బెల్టుల తోలు." చక్రం వదిలేసి, "నేనే కలగన్నానేమో మరి," అంది.

మెర్ల్ చూపు ఇరుసు మీదికి పోయింది. మూడు గీతలు. జనవరిలో భూతద్దం పెట్టి ఎంచింది ఆయనే. ఆ తోలును చాకుతో గీకింది ఆయనే. యాభై ఏళ్ళు ఎవరికీ కనబడలేదంటే అర్థం తెలిసొచ్చింది. దొరికిన ప్రతివాడూ పుస్తకం చూసి, నకిలీ అని పీకి పారేసి ఉంటాడు. వాళ్ళంతా తనలాంటి జాగ్రత్తపరులే.

నోరు మూసుకుంటే నీలం రిబ్బన్ తనది. డ్వేన్ పెన్ను మూత తీసే ఉంచాడు. ఆరేళ్ళ అవమానం ఒక్క సంతకంతో తీరిపోతుంది. నేలమీద మోకాళ్ళ మీదున్న ఆ ముసలావిడ మాత్రం తన చేతులు చేసిన పనిని కలేమో అనుకుంటూ ఇంటికి పోతుంది. మెర్ల్‌కు తనమీద తనకే రోత పుట్టింది, ఆ లెక్క వేసుకున్నందుకు.

"ఓపల్ గారు చెప్పింది నిజం," అన్నాడు. వెనకవాళ్ళకు వినబడలేదు. మళ్ళీ గట్టిగా అన్నాడు. "కొయ్య చక్రాలుండేవి. తోలూ ఉండేది. మూడు గీతలు ఇప్పటికీ ఉన్నాయి, రేకు ముక్కలు తీస్తే మీకే కనిపిస్తాయి. అన్నీ నేనే పీకేశాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది."

హాలంతా కలకలం రేగింది. డ్వేన్ పెన్నుకు మూత పెట్టాడు. "మెర్ల్, ఒప్పుకోలు అయిపోయింది. పోటీలోంచి తప్పించాల్సొస్తుంది."

"తప్పించు."

"చక్రాలేం చేశావు?" అని ఓపల్ అడిగింది. ఆ గొంతులో కోపం లేదు, భయం ఉంది.

"పారెయ్యలేదమ్మా! మా పాతసామాన్ల పిచ్చివాళ్ళకు పారేసే అలవాటెక్కడిది?"

నోరీన్ అప్పటికే కారు తాళాలు తీసింది. పన్నెండు మైళ్ళు ఇంటికి వెళ్ళారు. ఒక చక్రం మరల డబ్బాలో అడుగున దొరికింది. రెండోది గ్యారేజీలో పైకెత్తి ఉంచే కిటికీ తలుపు కింద ఉంది. ఆ తలుపు కిందికి జారకుండా మెర్ల్ దాన్నే ఆనించాడు. లాగగానే కిటికీ ధబాలున పడి అద్దం పగిలింది.

"పోనీలే, నీ రిబ్బన్ కన్నా చవక," అంది నోరీన్. కానీ కారులో దారిపొడుగునా ఆ చక్రాన్ని ఒళ్ళోనే పెట్టుకుంది.

వాళ్ళు తిరిగొచ్చేసరికి ఒక్కరూ ఇంటికి పోలేదు. ఓపల్ ముందు ఎవరో పెట్టిన చెర్రీపళ్ళ తీపి రొట్టె ముక్క ముట్టుకోకుండా అలాగే ఉంది. మెర్ల్ రెండు చక్రాలూ ఆవిడ అరచేతుల్లో పెట్టాడు. ఆవిడ అంచు తడిమింది, వాసన చూసింది, రంధ్రంలో చిటికెనవేలు పెట్టి తిప్పింది. తర్వాత వాటిని రొమ్ముకు ఆనించుకుని ఏడ్చింది. డెబ్బై రెండేళ్ళ మనిషి, అందరూ చూస్తుండగా.

"మా వరసలో ఆరుగురం ఉండేవాళ్ళం," అంది ముక్కు తుడుచుకుని. "మిగతా ఐదుగురూ పోయారు. ఎవరితోనూ అనుకోడానికి లేక, ఇది నిజంగా జరిగిందా అని నాకే అనుమానం పట్టుకుంది."

డ్వేన్ టోపీ తీశాడు. నేలమీద కూర్చుని, రేకు ముక్కలు తీసి, వేలితో తడిమాడు. "మూడు," అన్నాడు మెల్లగా.

కొయ్య చక్రాలు తిరిగి బిగించడానికి ఓపల్‌కు తోలు కావాల్సొచ్చింది. మెర్ల్ నడుం బెల్టు ఊడదీసి కొస నుంచి రెండు బిళ్ళలు కోశాడు.

"నాకు పెట్టకపోగా నీ బెల్టూ దానికేనా?" అంది నోరీన్. ప్యాంటు ఎగలాక్కుంటున్న మెర్ల్‌ను చూసి హాలంతా పగలబడి నవ్వింది.

ఓపల్ చక్రాలు బిగించిన తీరు చూసితీరాలి. కళ్ళు ఎటో ఉన్నాయి. వేళ్ళకు ఒక్క క్షణం తడుముకోడం లేదు, మర ఎక్కడ ఆపాలో వాటికి తెలుసు. యాభై ఒక్కేళ్ళు ఆ వేళ్ళలో ఆ పని చెక్కుచెదరకుండా ఉంది. లేచి నిలబడి, పిడి పట్టుకుని, మోటారు వేయకుండానే యంత్రాన్ని హాలు చెక్కనేల మీద ముందుకు తోసింది. కొయ్యమీద కొయ్య దొర్లుతూ గరగరమని ఒక సన్నటి చప్పుడు. అక్కడున్నవాళ్ళెవరూ ఎప్పుడూ వినని చప్పుడు. ఓపల్ ఒక్కర్తికే అది తెలుసు, ఆవిడ తల వంచి గోడదాకా వింటూనే వెళ్ళింది.

నీలం రిబ్బన్ పక్కబల్ల మీద ఇండియానా రాష్ట్రం నుంచి వచ్చినాయన యంత్రానికి కట్టారు. ఆయన కూడా దాన్ని వదిలేసి ఇక్కడే నిలబడ్డాడు.

"వచ్చే ఏడు దీన్ని దీని కాళ్ళమీదే తీసుకురా," అంది ఓపల్, వెనక్కొచ్చి మెర్ల్ చెయ్యి తడిమి పట్టుకుని. "తోలు దీనిది కాదు, నీ నడుం బెల్టుదని ఒప్పుకోలులో చెప్పు. మర్చిపోకు."

మెర్ల్ డ్వేన్ వంక చూశాడు. "ఒప్పుకోలు వినేదెవరట?"

డ్వేన్ పుస్తకం మోకాళ్ళ మీద పెట్టుకుని, అచ్చువేసిన పేజీ అంచున పెన్నుతో ఓపల్ చెప్పినదంతా రాస్తున్నాడు. తలెత్తకుండానే అన్నాడు:

"ఇంకెవరు? ఆవిడే."