నీళ్లు ముట్టని మనిషి

మా అన్న దేముడు ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో కమ్మరి. ఏళ్ల తరబడి కొలిమి దగ్గర చెమట కార్చినవాడు, మూత్రపిండాలు రెండూ చెడ్డాక, డాక్టర్లు నీళ్లు కట్టడి చేయడంతో గుక్కెడు నీళ్లకు మొహం వాచిపోయాడు. వారం వారం నేనే రైలెక్కించి కలకత్తా తీసుకెళ్లేవాణ్ణి. అక్కడి ఆసుపత్రిలో రక్తం కడిగే మిషన్ ఒక్కటే. దాని కోసం కాచుకున్నవాళ్లు మాత్రం ఎందరో.

అక్కడి నర్సు ఆలిస్ మా ఖరగ్‌పూర్ తెలుగు పిల్లే. ఇంటి దగ్గర రోగులకు ఒంట్లో నీరు చేరి బరువు ఎందుకు పెరుగుతోందో తేల్చాలని నర్సులు పరిశోధన మొదలుపెట్టారు. నీళ్లు ఎన్ని తాగావు, టీ ఎంత తాగావు అని ఆలిస్ ప్రతిసారీ అడిగేది. అన్న ఏమీ తాగలేదనేవాడు. తూకం ప్రతిసారీ ఎక్కువే చూపించేది. చివరికి పెద్ద డాక్టరు, దొంగతనంగా తాగేవాడి మీద మిషన్ వృథా చేయలేనని అన్న వంతు ఇంకొకరికి ఇచ్చేశాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. పుక్కిలించిన నీళ్లు కూడా మింగని మనిషిని దొంగ అంటారా?

ఆదివారం మా ఊరి చర్చికి వచ్చిన ఆలిస్, మనసొప్పక ఝపటాపూర్‌లో మా ఇంటికీ వచ్చింది. అప్పుడే వదిన చిలకమ్మ అన్నకు లోటా అందిస్తోంది. అదేమిటని ఆలిస్ అడిగింది.

"సోడంబలమ్మా. మనిసి నీరసపడిపోనాడని మూడు పూటలా పోస్తన్నాను. నీళ్లు సుక్క ఇయ్యనేదు."

మా ఇళ్లలో రాగుల అంబలి అంటే తిండి. దాన్ని తాగుడు కింద ఎవరూ లెక్కవేయరు. ఆలిస్ పెరిగిన ఇల్లూ అలాంటిదే, అందుకే ఆమెకూ అడగాలని తోచలేదు. అందులో ఉన్నదంతా నీళ్లేనని పాలిపోయిన మొహంతో చెప్పింది. వదిన అన్న చేతిలోంచి లోటా లాక్కుంది.

"ఇప్పుడు మాన్పించేస్తే మల్లీ మిషనెక్కిస్తారేటమ్మా?"

డాక్టరు కాళ్లు పట్టుకునైనా అడుగుతానంది ఆలిస్. అడిగింది కూడా. ఇచ్చిన వంతు వెనక్కి తీసుకోలేమన్నారట. ఇకమీదట గంజి, అంబలి సంగతి కూడా రోగులను అడగాలని పరిశోధనలో చేర్చారట. మంచిదే, ఎవడో బతుకుతాడు. ఆ మంచి నాకు ఈరోజుకీ మింగుడు పడలేదు.

కబురు విన్న అన్న వదినను పిలిచాడు.

"అయితే నీళ్లే ఇయ్యి సిలకా. దొంగని అననే అన్నారు కదా."

వదిన కుండలో గ్లాసు ముంచి తనే పట్టించింది. అది అయ్యాక అన్న ఇంకొకటి అడిగితే, అదీ ఇచ్చింది.